మందకాడికొచ్చిన కబురు

ఆ తుమ్మమొద్దును జర మంట్లకు నూకుండ్రి పిల్లలు. డిసెంబరు చలి ముసలోళ్ళ ఎముకలకు ముందు తెలుస్తది. ఏం ముచ్చట చెప్పాలె ఇయ్యాల? మా చిన్న మనుమరాలు పొద్దుగాల్ల సంది ఫోన్ల ఒక గుండు తలకాయ పిలగాని బొమ్మలు చూస్తుంది. ఎవరే వాడు అంటే, చార్లీ బ్రౌన్ తాతా, నీకు తెల్వదు అన్నది. నాకు ఎందుకు తెల్వది బిడ్డా? మీ నాయిన లాగు తొడుక్కునే కాలంల చూసిన నేను వాన్ని. సరే, ఆ ముచ్చటే చెప్త. కానీ గొర్లకాడి నుంచి మొదలువెట్టాలె. లేకుంటే నేను చూసింది ఏందో మీకు సమజు కాదు.

ఇప్పుడు పోతిరెడ్డిపల్లి చౌరస్తాల నిలవడితే ఏం కనవడ్తది? బొంబాయి రోడ్డు మీద లారీలు, షిఫ్టుకు పోయే కంపెనీ బస్సులు, మిర్చిబజ్జీ బండ్లు. మా ఊరును గూడ సంగారెడ్డి మున్సిపాలిటీల కలిపిండ్రు. మా చిన్నతనంల ఈడ నిలవడి చూస్తే జొన్న చేన్లు, బీడు భూములు, యాడనో ఒక మోట బాయి. మాది గొర్లోళ్ళ ఇల్లు, కురుమోళ్ళం. మా నాయినకు నల్ల జీవాల మంద ఉండె. పంట కోసినంక రైతులు మా వాకిట్లకు వచ్చి, ‘మా చేన్ల రెండు దినాలు మంద వెట్టు’ అని అడిగెటోళ్ళు. రాత్రంత జీవాలు చేన్ల పండుకుంటే పెంటిక, మూత్రం భూమిల వడ్తది. మందు బస్తాల పని లేదు. దానికి జొన్నలో వడ్లో కొలిచి ఇచ్చెటోళ్ళు. అంటే చలికాలమంత మా నాయిన ఇంట్ల పండుకున్నది లేదు. నాకు జర బుద్ధి తెలిసినంక నేను గూడ ఆయన ఎంబడి చేన్లనే.

రాత్రిపూట మందకాడ ఉండుడంటే పండుకునుడు కాదు బిడ్డా. కన్ను మూసినా చెవి మూయొద్దు. ఒక గొర్రె దగ్గినా, ఒక పిల్ల తల్లిని ఎడబాసి అరిచినా, కుక్క గొంతు మారినా లేవాలె. తోడేలు వచ్చిందంటే కుక్క మొరుగుడే వేరే తీరుగ ఉంటది. మా నాయిన పండుకున్న కాడికెల్లే ఏ గొర్రె అరిచిందో చెప్పెటోడు. నెగడు ఆరిపోయినంక మాకు ఉన్నదొక్కటే, గొంగడి. మీకు అది ఉత్త కంబలి. మా అవ్వ మా గొర్ల ఉన్నినే వడికేది. మగ్గం మీదికి ఎక్కించే ముందు పోగులకు చింతగింజల గంజి పట్టించెటోళ్ళు. గట్టిగ నేసిన గొంగడి మీద వాన చినుకు పడితే జారి పోతుండె, లోపటికి దిగకుండె. తడిస్తే మాత్రం ఒక వాసన వస్తది, గొర్రె వాసన. ఆ వాసన ఇప్పటికీ నాకు ఇంటి వాసనే. నెత్తి మీదికెల్లి మోకాళ్ళ దాక కప్పుకొని, కొసలు చేతులతోని గుంజి పట్టుకొని కూసుంటే మంచు మీదికి రాదు. మంద కాసెటోడు రాత్రి ఏదన్న ఇడుస్తడు గానీ గొంగడి ఇడువడు. ఈ మాట యాదిల వెట్టుకోండ్రి.

ఇగ మా ఊరి క్రైస్తవుల వాడల క్రిస్మస్ ముచ్చట. మన దిక్కు క్రైస్తవం ఇయ్యాల వచ్చింది కాదు. మెదక్‌ల ఉన్న పెద్ద చర్చి చూసిండ్రు గద? చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే ఇంగ్లండు పాదిరి కట్టించిండు దాన్ని. 1914ల మొదలైతే 1924 క్రిస్మస్ నాటికి తయారైంది. కరువు కాలంల పనిచేసినోళ్ళకు బుక్కెడు బువ్వ దొరకాలని కట్టుడు పని పెట్టించిండని మా దిక్కు పెద్దమనుషులు చెప్పుకునెటోళ్ళు. అందుల రంగు రంగుల అద్దాల కిటికీలున్నయి. ఒకదాంట్ల యేసు పుట్టిన బొమ్మ. బయటికెల్లి పొద్దు వెలుగు వడితెనే ఆ బొమ్మకు పానం వస్తది, పొద్దుగూకినంక కనవడది. నా జతగాడు ఒకడు వాడల పిలగాడు, వాని ఎంబడి నేను బస్సుల పోయి చూసొచ్చిన. ఊర్ల మాత్రం చర్చి అంటే చిన్న పెంకుటిల్లు. పండుగ ముందు రాత్రి వెదురు బద్దలకు రంగు కాయితాలు అంటించి, లోపల దీపం పెట్టి నక్షత్రం కట్టెటోళ్ళు. కోలాటం వేసుకుంట వాడ వాడ తిరిగెటోళ్ళు.

మా ఇంటికి ఆ వాడోళ్ళు ఎందుకు వస్తుండ్రి అంటే గొంగళ్ళ కోసం. పండుగ రాత్రి చర్చి ముంగట ఆట ఆడెటోళ్ళు. మరియమ్మ, యోసేపు, జ్ఞానులు, దూత, గొల్లలు. జ్ఞానులకు చీరెలు చుట్టెటోళ్ళు, దూతకు తెల్ల దోతి. గొల్లలకు మాత్రం నిజం గొంగళ్ళే కావాలని చర్చిల వాక్యం చెప్పే ఉపదేశి తాత పట్టు. ఆయనే మా నాయిన దగ్గరికి వచ్చి, అరుగు మీద కూసోని, చాయ తాగి, మూడు గొంగళ్ళు తీస్కోని పోయెటోడు. పండుగ అయిన మర్నాడు మడతవెట్టి తెచ్చిచ్చెటోడు, దాని మీద ఒక ఆకుల నాలుగు అరిసెలు పెట్టి. మా అవ్వకు ఆ దేవుడు తెల్వది, ఈ దేవుడు తెల్వది అనకండ్రి. మల్లన్నకు బోనం పెట్టే చేతులతోనే ఆ అరిసెలు మా అందరికి పంచేది.

ఒక ఏడు గొల్ల వేషం వేసే పిలగానికి జెరం వచ్చింది. ఉపదేశి తాత నా దిక్కు చూసి, ‘అసలు గొల్లోడు ఈడుండంగ ఇంకొకడు ఎందుకు?’ అన్నడు. మా నాయిన కాదనలేదు. నాకు మాటలు లేవు. నెగడు కాడ కూసోవాలె, దూత వచ్చినంక బుగులుపడాలె, తర్వాత లేచి నడవాలె, గంతే. ఆట మొదలు వెట్టే ముందు తాత కందీలు పట్టుకొని నిలవడి కథ చెప్పిండు. రాజు పుట్టిండన్న కబురు రాజుగారింటికి పోలేదట, పూజారుల ఇంటికి పోలేదట. రాత్రి చేన్ల మంద కాసుకుంట కూసున్నోళ్ళ కాడికి మొట్టమొదలు వచ్చిందట. నేను నోరు తెరుచుకొని ఇన్న. అంత దూరం దేశంల గూడ చేన్ల మంద పెట్టుకొని రాత్రి కాసేటోళ్ళు ఉన్నరా అని నాకు ఎక్కడలేని సంబురం. ఇంటికొచ్చి మా నాయినను అడిగిన, గొర్లోళ్ళకే ఎందుకు చెప్పిండ్రు నాయినా అని. ఆయన పొయ్యి కాడ చుట్ట ముట్టిచ్చుకుంట, ‘అంత రాత్రి మెలకువ ఉండేది మనమే గదరా, నిద్రపోయినోనికి కబురు ఎట్ల చెప్తరు?’ అన్నడు.

తర్వాత రోజులు మారినయి. 1972ల పటాన్‌చెరు కాడ ఇక్రిశాట్ అనే పంటల పరిశోధన సంస్థ వచ్చింది. జొన్న, సజ్జ, కంది, శనగ, పల్లి, మన మెట్ట పంటల మీదనే ప్రపంచం నలుమూలల కెల్లి శాస్త్రవేత్తలు వచ్చిండ్రు. మల్ల కంపెనీలు మొదలైనయి. ఒకటెనుక ఒకటి షెడ్లు లేసినయి. బీడు భూములు ప్లాట్లు అయినయి, గొర్లు మేసే జాగ తగ్గింది. మా నాయిన మందను సగం అమ్మిండు, ఇంకొన్నేండ్లకు మిగిలింది గూడ అమ్మిండు. నేను కూలి పనికి పోయి, కరెంటు పని చేసే మేస్త్రి కింద చేరి, వైర్లు గుంజుడు, మోటార్లు విప్పుడు నేర్చుకున్న. టీవీ ముచ్చట గూడ అప్పుడే మొదలు. 1975 ఆగస్టు కెల్లి ఒక్క ఏడాది అమెరికా ఉపగ్రహం ఒకదాన్ని మనకు ఇస్తే, ఆరు రాష్ట్రాలల్ల 2,400 ఊర్లకు టీవీ చూపెట్టిండ్రు. అప్పటి మన ఉమ్మడి రాష్ట్రం గూడ అందుల ఉండె. కోళ్ళ గూడుకు కట్టే తీగ జాలితోని గొడుగు తీరు యాంటెన్నా చేసి నిలవెట్టెటోళ్ళు. ఆ టీవీ పెట్టెలు తయారుచేసింది మన హైదరాబాద్ ఈసీఐఎల్ వాళ్ళే. ఏడాది కాంగనె ఉపగ్రహం పోయింది. ఇండ్లల్లకు టీవీలు రావాల్నంటే ఇంకా చాన ఏండ్లు పట్టింది.

ఇక్రిశాట్‌ల పనిచేసే ఒక అమెరికా శాస్త్రవేత్త ఇంట్ల కరెంటు పని ఉన్నదని మేస్త్రి నన్ను పంపిండు ఒకసారి. దూరదర్శన్‌ల రామాయణం వస్తున్న రోజులు, 1987 డిసెంబరు. పండుగ ముందు రాత్రి. వాళ్ళు టీవీ, వీసీఆర్ తమ దేశం కెల్లే తెచ్చుకున్నరు. ఆ దేశపు సామాన్లకు 110 ఓల్టులు కావాలె, మన గోడల ఉండేది 230. అందుకని నడుమ ఒక ట్రాన్స్‌ఫార్మర్ పెడ్తరు, ఇటుకలంత బరువుంటది. దాని ఫ్యూజు కొట్టేసింది. నేను పోయి లూజు ఉన్న వైరు బిగించి, కొత్త ఫ్యూజు తీగ వేసి, చెయ్యి పెట్టి చూసిన. మెల్లగ గుర్రుమంటుంది, వేడి లేదు. పిల్లలు ముగ్గురు కింద చాప మీద కూసోని ఎదురు చూస్తున్నరు. ఆ అమ్మ, ‘మల్ల పోతే ఎట్ల, అయిపోయే దాక ఉండు’ అని హిందీల చెప్పి నాకు స్టూలు ఏసింది. వంటాయన మన కంది ఊరి దిక్కు మనిషి, వాకిలి కాడ నిలవడ్డడు. క్యాసెట్టు లోపలికి పోయింది.

మొదలు మొదలే మంచు వడ్తుంటది. పిల్లలు గడ్డకట్టిన చెరువు మీద జారుకుంట ఆడుతరు. పాట వినవడ్తది, పిల్లల గొంతులే, సన్నగ, ఎంబడి పియానో. బొమ్మలు మన సినిమా బొమ్మల తీరు లేవు. గుండ్రటి తలకాయలు, నాలుగు గీతలు, గంతే. పెద్దమనిషన్నోడు ఒక్కడు కనవడడు, అంతా పిల్లలే. గుండు పిలగాడు చార్లీ బ్రౌన్‌కు పండుగ వచ్చినా మనసుల సంతోషం లేదు. ఎందుకు లేదో వానికే తెల్వది. వాని కుక్క స్నూపీ తన గూటికి సీరియల్ బల్బులు చుట్టి బహుమతి పోటీకి పెడ్తది. వాని చెల్లె క్రిస్మస్ తాతకు ఉత్తరం రాపిస్తది, బొమ్మలెందుకు, పైసలే పంపు అని. పండుగ ఆట ఆడిపియ్యి అని వానికి పని చెప్తరు గానీ ఒక్కడు మాట ఇనడు, అందరు ఎగురుడే. ఈ ఎగురుడు నాకు జర ఎక్కువైందనిపించింది, ఇప్పటికీ అట్లనే అనిపిస్తది. కుక్క గూటికి బల్బులు చుట్టిన తీరు మాత్రం నచ్చింది. కరెంటు పనోన్ని గద.

అప్పుడు వాడొచ్చిండు. లైనస్ అని ఒక చిన్న పిలగాడు. వానికి చేతుల ఎప్పుడూ ఒక దుప్పటి ఉంటది, నోట్ల బొటనవేలు. యాడికి పోయినా దుప్పటి ఇడువడు. ఆటల వానికి ఇచ్చిన వేషం ఏందో తెలుసా? గొల్లోడు. వాళ్ళక్క, ఆ దుప్పటి అవుతల పారెయ్యి అని కోపానికొస్తే, వాడు ఏం చేసిండు? దుప్పటిని నెత్తి మీదికెల్లి కప్పుకున్నడు. మనోళ్ళు గొంగడి కప్పుకున్నట్టే బిడ్డా! నేను స్టూలు మీద కెల్లి ముంగటికి వంగిన. వాకిలి కాడ వంటాయన నా దిక్కు చూసి నవ్విండు. ఆయనకు గూడ అదే తోచింది.

చార్లీ బ్రౌన్ చెట్టు తేవడానికి పోతడు. ఆడ అల్యూమినియం చెట్లు దొరుకుతయి, రంగు రంగులవి, కొడితే రేకు సప్పుడు వచ్చేటివి. అవన్నీ ఇడిసిపెట్టి, ఆకులు రాలిపోతున్న చిన్న కొమ్మంత చెట్టు తెస్తడు. నిజం చెట్టు అదొక్కటే. అందరు వాన్ని చూసి పకపక నవ్వుతరు. కుక్క గూడ నవ్వుతది. వాడు ఓపిక పోయి, క్రిస్మస్ అంటే ఏందో చెప్పెటోడు ఈడ ఒక్కడన్నా లేడా అని అరుస్తడు. లైనస్ నేను చెప్త అంటడు. దుప్పటి గుంజుకుంట స్టేజీ నడిమిట్లకు పోయి, దీపాలు పెట్టుండ్రి అంటడు. అంతా చీకటి, వాని మీద ఒక్క వెలుగు. పాట లేదు, సంగీతం లేదు. నిలవడి చెప్తడు. మంద కాసేటోళ్ళ కాడికి దూత వచ్చిన ముచ్చట. మా ఉపదేశి తాత కందీలు పట్టుకొని చెప్పిన ముచ్చట.

నాకు ఇంగ్లీషు రాదు. వంటాయన మెల్లగ తెలుగుల చెప్తుండు గానీ ఆయన చెప్పకున్నా నాకు తెలుస్తనే ఉన్నది. ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగ ఇనుండ్రి. ఆ పిలగాడు చెప్పుకుంట చెప్పుకుంట, దూత ‘బుగులు పడకుండ్రి’ అనే మాట కాడికి రాంగనె, చేతుల దుప్పటి కింద పడేసిండు. కావాలని ఇసిరి కొట్టలేదు. చెయ్యి ఇడిసింది, దుప్పటి జారింది. వాడు చెప్తనే ఉన్నడు. అంతకుముందు అక్క తిట్టినా ఇడువంది, ఎవడు నవ్వినా ఇడువంది. నేను రాత్రులు చేన్ల గొంగడి కొసలు గుంజి పట్టుకొని కూసున్నోన్ని. ఆ చెయ్యి ఎప్పుడు ఇడుస్తదో నాకు ఎరుక. ఇగ చలి లేదు, తోడేలు లేదు, నాకేం కాదు అని లోపల కెల్లి రూఢి అయితెనే ఇడుస్తది. చాప మీద కూసున్న పిల్లలు అది చూసిండ్రో లేదో. నా కండ్లల్ల మాత్రం నీళ్ళు తిరిగినయి. కథ చెప్పుడు అయినంక వాడు దుప్పటి మల్ల తీస్కున్నడు. అది గూడ సరైందే. తెల్లారితే మల్ల చలి ఉంటది గద.

ఆఖరుకు చెట్టు. గుండు పిలగాడు చెట్టుకు కట్టే పెద్ద అలంకారపు గోళం ఒకటి దానికి తగిలిస్తే అది బరువుకు వంగిపోతది. సచ్చిపోయిందనుకొని దిగులుతోని పోతడు. మిగిలిన పిల్లలు వచ్చి చూస్తరు. లైనస్ తన దుప్పటిని ఆ చెట్టు మొదట్ల చుట్టి పెడ్తడు, పుట్టి ఇంకా తడి ఆరని గొర్రెపిల్లను మేం గొంగట్ల చుట్టినట్టు. కుక్క గూటి బల్బులన్నీ తెచ్చి చెట్టుకు కడ్తరు. చెట్టు నిలవడ్తది. అందరు కలిసి పాట పాడుతరు. అరగంట గూడ లేదు మొత్తం. ట్రాన్స్‌ఫార్మర్ ఏమీ కాలేదు.

దీని ఎనుక ముచ్చట నాకు చానా ఏండ్లకు తెలిసింది. డాలస్‌ల ఉన్న మా పెద్ద మనుమరాలు ఉన్నది గద, దానికి ఈ కథంతా చెప్తే, అది చదివి చదివి ఒక్కొక్కటి నాకు ఫోన్ల చెప్పింది. ఆ బొమ్మలు గీసినాయన పేరు చార్లెస్ షుల్జ్. వాళ్ళ నాయిన మంగలి దుకాణం నడిపిండు. యుద్ధంల సిపాయిగ పోయొచ్చి, 1950 అక్టోబరు 2 నాడు ఏడు పేపర్లల్ల ‘పీనట్స్’ అని బొమ్మల కథ మొదలువెట్టిండు. మన బాపు, ముళ్ళపూడి వెంకటరమణ కలిసి బుడుగును తెచ్చింది గూడ ఇంచుమించు ఆ కాలంలనే. పిలగాని నోటితోని పెద్దోళ్ళకు బుద్ధి చెప్పే పని ఇద్దరిదీ. కానీ బుడుగుకు దిగులు లేదు. చార్లీ బ్రౌన్‌కు పుట్టుకతోనే దిగులు. యాభై ఏండ్లు ఒక్క చేత్తోని గీసిండు షుల్జ్, ఇంకొకనితోని గీపిచ్చలేదు. 2000 ఫిబ్రవరి 12 రాత్రి చనిపోయిండు. ఆయన ఆఖరి ఆదివారం బొమ్మల కథ మర్నాడు పేపర్లల్ల వచ్చింది.

టీవీ బొమ్మ చేద్దామని 1965ల లీ మెండెల్సన్ అనే ఆయన ముంగటికొచ్చిండు. బొమ్మలు కదిలించింది బిల్ మెలెండెజ్, మెక్సికోల పుట్టినోడు. స్నూపీ అరుపులు గూడ ఈయన గొంతే, తన మాటను స్పీడు పెంచి వాడిండు. సంగీతం విన్స్ గరాల్డి. బొమ్మల సినిమాకు జాజ్ పియానో ఏందని అనుకునే కాలం అది. పిల్లల గొంతులకు నిజం పిల్లలనే పెట్టిండ్రు, పెద్ద ఆడోళ్ళు చిన్న గొంతు చేసి మాట్లాడుడు కాదు. లైనస్ గొంతు క్రిస్టఫర్ షే అనే ఏడేండ్ల పిలగానిది. చార్లీ బ్రౌన్ చెల్లెకు గొంతు ఇచ్చిన పిల్లకు ఇంకా చదువుడే రాదు. ఒక్కొక్క ముక్క చెప్పి మల్ల చెప్పిచ్చి, ఆ ముక్కలన్నీ అతికిచ్చిండ్రు. అందుకే ఆ మాటలు అక్కడక్కడ ఆగి ఆగి వస్తయి. నేను చూసిన రోజు మిషను ఏమన్న ఆగుతుందా అని రెండుసార్లు వీసీఆర్ దిక్కు చూసిన. కానీ పిల్లలు మాట్లాడేదే అట్ల గద.

ఆ రోజులల్ల టీవీ నవ్వులాటలకు ఎనుక కెల్లి జనం నవ్వినట్టు నవ్వుల సప్పుడు పెట్టెటోళ్ళు. షుల్జ్ వద్దన్నడు. చూసెటోళ్ళకు ఎప్పుడు నవ్వాల్నో వాళ్ళకే తెలుస్తది అని ఆయన నమ్మకం. బైబిలు కథ నిండుగ చెప్పిస్త అంటే, టీవీల అది బాగుండదేమో అని ఎంబడున్నోళ్ళే ఎనుకాడిండ్రు. ఆయన ఇనలేదు. తయారైనంక సీబీఎస్ టీవీ పెద్దమనుషులు చూసి పెదవి ఇరిచిండ్రట. మెల్లగ పోతుంది, సంగీతం పిల్లలది కాదు, పిలగాడు నిలవడి బైబిలు చెప్పుడేంది అని. అప్పటికే తారీకు ప్రకటించిండ్రు కాబట్టి ఒక్కసారి చూపెట్టి వదిలేద్దాం అనుకున్నరు. 1965 డిసెంబరు 9, బేస్తవారం, రాత్రి ఏడున్నరకు వచ్చింది. కోటిన్నర ఇండ్లల్ల చూసిండ్రు. ఆ టైముకు టీవీ ముంగట కూసున్నోళ్ళల్ల సగం మందికి దగ్గర. మర్నాటేడు ఎమ్మీ బహుమతి వచ్చింది, పీబాడీ బహుమతి వచ్చింది. అప్పటికెల్లి ఏండ్ల తరబడి ప్రతి క్రిస్మస్‌కు చూపెట్టిండ్రు. ఇప్పుడు ఆపిల్ వాళ్ళ దగ్గర ఉన్నదట, మా చిన్నది ఫోన్ల చూసేది అదే.

ఆ తారీకు చెప్పంగనె నేను లెక్క తీసిన. 1965 డిసెంబరు. అప్పుడు నేను మా నాయిన ఎంబడి చేన్ల మంద కాడ ఉన్న. ఆ ఏడు వానలు లేవు, కరువు. ఎండు గడ్డి గూడ దొరకక జీవాలు బక్కచిక్కినయి. ఆ దేశంల కోటిన్నర ఇండ్లల్ల మంద కాసేటోళ్ళ ముచ్చట ఒక పిలగాడు చెప్తుంటే, ఈడ మంద కాసే పిలగాన్ని నేనున్న, గొంగడి కప్పుకొని. ఒకరికొకరికి తెల్వది. ఈ ముచ్చట మా మనుమరాలికి చెప్తే అది ఫోన్ల చానాసేపు ఏం మాట్లాడలేదు.

మన దిక్కు యేసు సినిమాలు లేవా అంటే ఉన్నయి. 1978ల కరుణామయుడు వచ్చింది. భీంసింగ్ తీసిండు, విజయచందర్ యేసు వేషం వేసిండు. ఊర్లల్ల తెల్ల గుడ్డ కట్టి, మిషను పెట్టి చూపెట్టెటోళ్ళు, బండ్లు కట్టుకొని వచ్చి చూసెటోళ్ళు. అది పెద్ద సినిమా, సిలువ దాక పోతది, జనం వెక్కి వెక్కి ఏడ్చెటోళ్ళు. నేను దాన్ని తక్కువ చేసి మాట్లాడుత లేను. కానీ పిల్లల కోసం, పిల్లల నోటితోని, అరగంటల చెప్పిన క్రిస్మస్ ముచ్చట తెలుగుల నేను చూడలే. ఇంగ్లీషు, హిందీ బొమ్మలకు తెలుగు మాటలు అతికిచ్చినవి వస్తయి. పెదవొక దిక్కు, మాటొక దిక్కు. మాట్లాడేటోళ్ళు గూడ వార్తలు చదివినట్టే మాట్లాడుతరు.

వాడల ఆట ఇంకా ఆడుతరు, బంద్ కాలేదు. కానీ గొల్లలకు తువ్వాల చుడుతున్నరు నెత్తికి. గొంగళ్ళు యాడున్నయి? నేసేటోళ్ళు తగ్గిండ్రు. మన నల్ల ఉన్ని గొర్లను ఇడిసిపెట్టి, మాంసం ఎక్కువ ఇస్తయని నెల్లూరు గొర్లు తెచ్చిండ్రు. వాటికి ఉన్ని రాదు, వెంట్రుకలే. ఉన్ని లేంది గొంగడి యాడికెల్లి వస్తది? రోజుల మీద కోపం పెట్టుకొని ఏం చేస్తం, మేం గూడ మందను అమ్ముకున్నోళ్ళమే. తినాలె గద మనిషి.

అందుకే చెప్తున్న. హైదరాబాద్‌ల బొమ్మల సినిమాలు చేసేటోళ్ళు తక్కువున్నరా? మీరు చూసే చోటా భీమ్ హైదరాబాద్‌ల చేసిందే, 2008 కెల్లి దేశమంత చూస్తున్నరు. అంత చేసినోళ్ళకు అరగంట పెద్ద పనా? మీలెక్క పిల్లల గొంతులే పెట్టాలె, ఈ ఊరి పిల్లలవి, మనం మాట్లాడుకునే మాటతోని. చదువు రాని చిన్నదుంటే ముక్క ముక్క చెప్పి చెప్పియ్యాలె, ఆ అమెరికోళ్ళు చేసినట్టే. ఎనుక కెల్లి నవ్వుల సప్పుడు వద్దు. చేన్ల జొన్న కొయ్యలు కనవడాలె, కోసినంక మిగిలిన మొదళ్ళు, కాళ్ళకు గుచ్చుకునేటివి. నెగడు కాడ కుక్క ఉండాలె, చెవులు నిక్కవొడిచి. దూత వచ్చినప్పుడు ముందు కుక్కనే లేవాలె, మనిషి తర్వాత. గొంగడి భుజం మీద మడత వేసుకోవద్దు, అది షోకు కోసం వేసుకునే తీరు. రాత్రి మందకాడ నెత్తి మీదికెల్లి కప్పుకోవాలె. గొర్లను మాత్రం తెల్లగ గీయొద్దని చెప్పుండ్రి వాళ్ళకు. మన గొర్లు నల్లయి.